డబ్లిన్ వేలంలో ఐరిష్ పెయింటింగ్ కొని, తర్వాత అమ్మితే ఏం మిగులుతుంది?

మీరు అడిగింది ఇదీ: డబ్లిన్‌లో ఉంటున్నారు, చేతిలో రెండు వేల యూరోలు ఉన్నాయి, వేలంలో మంచి ఐరిష్ పెయింటింగ్ ఒకటి కొని నాలుగైదేళ్లు గోడకు పెట్టుకుని అమ్మేస్తే లాభం ఉంటుందా అని. ఆ లెక్కతో అయితే కొనకండి. గోడ మీద రోజూ చూసుకోవాలనిపిస్తే కొనండి. ఎందుకంటున్నానో నా జేబుకు పడిన చిల్లు చూపించి చెప్తాను.

వేలంపాట అంటే మనకు బాలాపూర్ లడ్డూ గుర్తొస్తుంది. ఎంతకు పాడితే అంత కట్టాలి. ఇక్కడ అలా కాదు. సుత్తి పడిన ధర ఒకటి, కొన్నవాళ్లు కట్టేది ఇంకొకటి, అమ్మినవాళ్ల చేతికి వచ్చేది మూడోది. ఈ ముక్క క్యాటలాగ్ చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. నేను చదవలేదు.

2014లో నేను మొదటిసారి కొన్నది మార్కీ రాబిన్సన్ వేసిన చిన్న బొమ్మ, అట్ట మీద గువాష్ రంగులతో (నీళ్లలో కలిపే చిక్కటి రంగులు). తెల్ల గోడల ఇళ్లు మూడు, వెనక సముద్రం, ముందు నల్ల శాలువాలు కప్పుకున్న ఇద్దరు ఆడవాళ్లు. మొహాల్లో కళ్లూ ముక్కూ ఏమీ ఉండవు. మా ఆవిడ చూసి "వీళ్లకు మొహాలు వేసేలోపు రంగులు అయిపోయాయా" అంది. రాబిన్సన్ బెల్ఫాస్ట్‌వాడు, ఓడల్లో పనిచేశాడు, 1999లో పోయాడు. మాది మదనపల్లె. మా ఊరి దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన కవి జేమ్స్ కజిన్స్‌ది కూడా బెల్ఫాస్టే. టాగోర్ 1919లో మా ఊళ్లో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆయన అతిథిగానే. క్యాటలాగ్‌లో బెల్ఫాస్ట్ పేరు కనిపించగానే నా చెయ్యి దానంతటదే లేచింది. పెట్టుబడి పెట్టే పద్ధతి ఇది కాదని ఒప్పుకుంటాను.

ఇప్పుడు లెక్క. పాట 900 యూరోల దగ్గర ఆగింది. దాని మీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము, వ్యాట్‌తో కలిపి 25 శాతం. కట్టింది 1,125. 2021లో అదే బొమ్మ అమ్మాను. పాట 950కి వెళ్లింది. యాభై పెరిగిందని ఫోన్లోనే సంబరపడ్డాను. తర్వాత స్టేట్‌మెంట్ వచ్చింది: 10 శాతం కమిషన్, ఆ కమిషన్ మీద 23 శాతం వ్యాట్, ఇన్సూరెన్స్ ఒకటిన్నర శాతం, ఫోటో తీసినందుకు 20 యూరోలు. అన్నీ పోగా చేతికొచ్చింది 799. అంటే ధర పెరిగినా నాకు 326 యూరోలు పోయాయి. కొన్న డబ్బు కొన్నట్టు వెనక్కి రావాలంటే పాట 1,330 దాకా వెళ్లాలి. ఏడేళ్లలో దాదాపు సగం పెరగాలన్నమాట, అదీ లాభం సున్నాకి. శాతాలు ఒక్కో హౌస్‌లో, అంటే వేలం సంస్థలో, ఒక్కోలా ఉంటాయి. ఆన్‌లైన్ సైట్ల ద్వారా పాడితే వాళ్ల వాటా ఇంకో మూడు నుంచి ఐదు శాతం అదనం. కాబట్టి మీ దగ్గర రెండు వేలుంటే పాట 1,500 దాటనివ్వకండి. మిగతాది ప్రీమియానికీ ఆన్‌లైన్ వాటాకీ పోతుంది.

నిజానికి 2021లో అమ్మింది రెండో ప్రయత్నం. 2019లో ఒకసారి పెట్టాను. అక్కడి స్పెషలిస్ట్ రిజర్వ్, అంటే అంతకు తగ్గితే అమ్మని కనీస ధర, 700 పెట్టమంటే, నేను 1,200కి తగ్గితే ఇవ్వనని పట్టుబట్టాను. ఒక్క చెయ్యీ లేవలేదు. అమ్ముడుపోని లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) గతి కుదరని పెళ్లిచూపుల్లా ఉంటుంది. ఫలితాలన్నీ ఆన్‌లైన్లో ఉండిపోతాయి, వెంటనే ఇంకోచోట పెడితే అందరికీ తెలిసిపోతుంది. రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. అమ్ముడుపోకపోయినా ఫోటో డబ్బులు మాత్రం వసూలు చేశారు. ఆ హౌస్ పేరు చెప్పను గానీ, రూల్ ప్రకారం తప్పు నాదే. ఇప్పుడెవరైనా అడిగితే ఎస్టిమేట్, అంటే క్యాటలాగ్‌లో వేసే అంచనా ధర, తక్కువ పెట్టమనే చెప్తాను. తక్కువ అంకె చూసి నలుగురు వస్తారు, నలుగురు వస్తేనే పాట సాగుతుంది.

పేపర్లలో వచ్చే ధరలు చూసి మోసపోకండి. ఐరిష్ చిత్రకారుడు లూయీ ల బ్రాకీ వేసిన 'ట్రావెలింగ్ వుమన్ విత్ న్యూస్‌పేపర్' 2000లో లండన్ సదబీస్ వేలంలో 11 లక్షల పౌండ్లు దాటింది, అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. జాక్ బి. యేట్స్ 'షౌటింగ్' 2021లో డబ్లిన్‌లోని వైట్స్ వేలంలో 14 లక్షల యూరోలు. (ఈ యేట్స్ కవి డబ్ల్యు. బి. యేట్స్ గారి తమ్ముడు.) అది వేరే లోకం. మనలాంటి వాళ్లు తిరిగే వెయ్యి, రెండు వేల బజారు పోకడకీ దానికీ సంబంధం లేదు. పైగా ఇక్కడి ధరలు ఎప్పుడూ పైకే పోతాయని కూడా లేదు. ఐర్లండ్‌లో ఇళ్ల ధరలు ఆకాశంలో ఉన్న 2006, 2007 నాటికి బొమ్మల ధరలూ వాటితోనే ఎగిరాయి, 2008 తర్వాత వాటితోనే పడ్డాయి.

మా పక్కింటి ఐరిష్ పెద్దావిడ భర్త 2006లో ఒక ల్యాండ్‌స్కేప్ 14,000కి పాడాడు. ఆయన పోయాక, 2013లో దాన్ని అమ్మడానికి నన్ను తోడు తీసుకెళ్లింది. పాట 5,500 దగ్గర ఆగిపోయింది. కమిషన్, వ్యాట్ పోయాక ఇంకో 220 యూరోలు కోశారు. అదేంటని అడిగితే ఆర్టిస్ట్ రీసేల్ రైట్, అంటే బొమ్మ మళ్లీ అమ్ముడైతే చిత్రకారుడికి ఉండే హక్కు, అన్నారు. ధర 3,000 యూరోలు, ఆపైన ఉంటే చిత్రకారుడికి వాటా వెళ్తుంది, 50,000 దాకా 4 శాతం. ఐర్లండ్‌లో అది అమ్మేవాళ్లే భరించాలి. 2012 నుంచి చనిపోయినవాళ్ల వారసులకు కూడా వర్తిస్తుంది, పోయాక 70 ఏళ్ల వరకు. అంటే 1957లో పోయిన జాక్ యేట్స్ బొమ్మలకు 2027 ఆఖరుదాకా ఉంటుంది. నాకు ఆ 220 న్యాయంగానే అనిపించింది, వేసినవాడికి అంతైనా దక్కాలి కదా. పెద్దావిడ మాత్రం చెక్కు మడిచి పర్సులో పెట్టుకుంటూ "మా ఆయన ఇది చూడకుండా పోవడమే మంచిదైంది" అంది.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది. అన్నిటికన్నా ముందు క్యాటలాగ్‌లో పేరు ముందున్న మాట. చిత్రకారుడి పేరు నేరుగా ఉంటే అది ఆయన వేసిందని వాళ్లు చెప్తున్నట్టు. 'అట్రిబ్యూటెడ్ టు' అంటే బహుశా ఆయనదే అని. 'సర్కిల్ ఆఫ్' అంటే ఆ చుట్టుపక్కల వాళ్లెవరో. 'ఆఫ్టర్' అంటే ఆయన బొమ్మను చూసి వేసింది, లేదా అచ్చేసింది. మా ఆఫీసులో ఒకతను ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్లో పాల్ హెన్రీ బొమ్మ 380 యూరోలకు పాడి, "అన్నా, లాటరీ తగిలింది" అని ఫోన్ చేశాడు. పాల్ హెన్రీ అంటే నీలం కొండలు, పెద్ద మబ్బులు, కింద చిన్న గడ్డి ఇళ్లు. 1920ల్లో రైల్వే పోస్టర్లకెక్కి ఇంటింటికీ తెలిసిన చిత్రకారుడు. అసలు ఆయిల్ పెయింటింగ్ అయితే ఆ డబ్బుకు ఫ్రేమ్ మూల కూడా రాదు. వాళ్లింటికెళ్లి భూతద్దం పెట్టి చూశాను. మబ్బు నిండా వరుసగా చుక్కలు, ఆదివారం అనుబంధంలో రంగుల ఫోటోలకు ఉంటాయే, అవే. హౌస్‌కి ఫోన్ చేస్తే 'ఆఫ్టర్' అని రాశాం కదా అన్నారు. రాశారు, నిజమే.

అందుకే వ్యూయింగ్‌కు వెళ్లండి. వేలానికి ముందు కొన్ని రోజులు ఎవరైనా ఉచితంగా వెళ్లి చూడొచ్చు. స్టీఫెన్స్ గ్రీన్ మీద ఆడమ్స్, మోల్స్‌వర్త్ వీధిలో వైట్స్, కిల్డేర్ వీధిలో డి వియర్స్, అన్నీ నడిచే దూరమే. అటునుంచటే మెరియన్ స్క్వేర్‌లో నేషనల్ గ్యాలరీకి వెళ్తే అసలైన యేట్స్‌లు ఎలా ఉంటాయో టికెట్ లేకుండా చూడొచ్చు. హౌస్‌లో మొహమాటపడకుండా బొమ్మను వెనక్కి తిప్పి చూపించమనండి. నాకు ముందువైపు కంటే వెనకవైపే ఎక్కువ ఇష్టం. పాత గ్యాలరీ లేబుల్, రాయల్ హైబర్నియన్ అకాడమీ (ఇక్కడి చిత్రకారుల అకాడమీ) ప్రదర్శనలో పెట్టిన చీటీ, పెన్సిల్‌తో రాసిన ధర, ఇవన్నీ ఆ బొమ్మ నడిచొచ్చిన దారి. యేట్స్ ఆయిల్ పెయింటింగ్ వెనక, ఆయన బొమ్మలు అమ్మిన డబ్లిన్ వాడింగ్టన్ గ్యాలరీ లేబుల్ ఉంటే అందరి మొహాలూ వెలుగుతాయి. కాగితం మీద వేసినవైతే గోధుమరంగు మచ్చలున్నాయేమో చూడండి. బొమ్మ ఎలాంటి స్థితిలో ఉందో రాసే కండిషన్ రిపోర్ట్ అడిగితే ఉచితంగా పంపిస్తారు.

పన్ను సంగతి మీ బడ్జెట్‌కు పెద్ద టెన్షన్ కాదు. ఇలాంటి వస్తువు 2,540 యూరోల లోపు అమ్ముడుపోతే క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉండదు. పైకి వెళ్తే లాభం మీద 33 శాతం, ఏడాదికి మొదటి 1,270 వదిలేస్తారు. ముందు ఆ లాభం రావాలి కదా.

మీ డబ్బుకు ఏది కొనమంటారంటే, నేనైతే పెద్ద పేరున్నవాళ్ల అచ్చు చిత్రాల వైపు వెళ్తాను. అంటే ఫోటో తీసి అచ్చేసినవి కాదు, చిత్రకారుడే చెక్క చెక్కి సిరా పూసి కాగితం మీద ఒత్తినవి. 2018లో హ్యారీ కెర్నాఫ్ వుడ్‌కట్ ఒకటి 320కి పాడాను, ప్రీమియంతో సరిగ్గా 400. డబ్లిన్ పబ్బుల్నీ వీధుల్నీ జీవితమంతా వేసినవాడు, 1974లో పోయాడు. కాగితాన్ని దీపానికి పక్కగా పట్టుకుంటే చెక్క ఒత్తిన గుంట కనిపిస్తుంది. మొదట వంటింట్లో పెట్టాను. ఆర్నెల్లకు అద్దం లోపలివైపు పోపు పొగ సన్నగా పేరుకోవడం చూసి హాల్లోకి మార్చాను. దీన్ని అమ్మే ఉద్దేశం లేదు, అందుకే ధర కూడా చూడటం మానేశాను.

ఇంకొకటి, గెలిచాక వారంలోపు డబ్బు కట్టి తీసుకెళ్లాలని చాలాచోట్ల అంటారు, ఆలస్యమైతే స్టోరేజ్ అద్దె వేస్తారు. చిన్నదైతే డెలివరీకి డబ్బు తగలెయ్యకండి. నేను కెర్నాఫ్‌ను పాత దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని లువాస్ ట్రామ్‌లో తెచ్చుకున్నాను.