తీగలూ తిప్పలూ: కాలింగ్ బెల్ స్విచ్‌లతో డీజే ప్యాడ్

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె. పెళ్ళిళ్ళకీ బోనాలకీ డీజే కొట్టే ఒక అన్న దగ్గర రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. పాట మధ్యలో హారన్, సైరన్, తీన్మార్ దెబ్బ వేయాలంటే ఇప్పటికీ మౌస్‌తోనే నొక్కుతున్నాం. పడాల్సిన చోట దెబ్బ పడక జనం ముందు నవ్వులపాలవుతున్నాం. కొత్త కంట్రోలర్ కొనేంత డబ్బు లేదు. కాలేజీ ప్రాజెక్టు కోసం కొన్న ఆర్డుయినో యునో (ప్రోగ్రాం రాసి ఎక్కించే చిన్న సర్క్యూట్ బోర్డు) నా దగ్గరుంది. దాంతో ఎనిమిది బటన్ల ప్యాడ్ వెయ్యి రూపాయల్లో కట్టుకోవచ్చా?

జవాబు: కట్టుకోవచ్చు తమ్ముడూ, కానీ ఆ యునోని మాత్రం మళ్ళీ డబ్బాలో పెట్టేయ్. ఎందుకో చెప్తాను.

నువ్వు కట్టే పెట్టెలో పాటా ఉండదు, హారనూ ఉండదు. "మూడో బటన్ నొక్కారు", "వదిలేశారు" అని లాప్‌టాప్‌కి కబురు పంపడం ఒక్కటే దాని పని, మోగించేదంతా లాప్‌టాప్. ఆ కబురు పంపే భాషే మిడి. 1983లో వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ఒప్పందం అది, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఒక్క బటన్ కబురంటే మూడు చిన్న అంకెలు: నొక్కారా వదిలారా, ఏ స్వరం, ఎంత గట్టిగా. స్వరాలు 0 నుంచి 127 వరకు ఉంటాయి, డ్రమ్ ప్యాడ్ల మీద సాధారణంగా 36 నుంచి మొదలుపెడతారు, నువ్వూ అలాగే పెట్టుకో.

యునోలో చిక్కేమిటంటే, దాని ప్రధాన చిప్‌కి సొంతంగా యూఎస్‌బీ రాదు. పక్కనున్న ఇంకో చిన్న చిప్ మధ్యవర్తిగా ఉంటుంది కాబట్టి లాప్‌టాప్ దాన్ని సంగీత పరికరంగా కాకుండా ఉత్త సీరియల్ పోర్టుగా చూస్తుంది. దాన్ని దాటడానికి దారులున్నాయి, మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ నడపాలి, లేదంటే ఆ చిన్న చిప్‌లో ప్రోగ్రాం మార్చాలి. పెళ్ళి పందిట్లో జనరేటర్ పక్కన నిలబడి, పెళ్ళికొడుకు బావమరిది నెత్తిమీద కూర్చుని పాట మార్చమంటుంటే, అదనంగా ఇంకో సాఫ్ట్‌వేర్ తెరుచుకుందా లేదా అని చూసుకునే ఓపిక ఎవరికుంటుంది?

అందుకే ప్రో మైక్రో అనే చిన్న బోర్డు కొనుక్కో, 5 వోల్టుల రకం. అందులోని ఏటీమెగా 32యూ4 చిప్ నేరుగా యూఎస్‌బీ మాట్లాడుతుంది, మిడియూఎస్‌బీ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) వేసుకుంటే లాప్‌టాప్ దాన్ని వాయిద్యంలాగే గుర్తిస్తుంది, డ్రైవర్ల గొడవ ఉండదు. ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో బోర్డు పేరు దగ్గర లియొనార్డో ఎంచుకుంటే చాలు. నేను చివరిసారి కోఠి గుజరాతీ గల్లీలో కొన్నప్పుడు అయిదొందల చిల్లర అయింది. దీనికి ఒక రోగం ఉంది, మైక్రో యూఎస్‌బీ సాకెట్ బోర్డు నుంచి ఊడొచ్చేస్తుంది, నాకు రెండుసార్లు ఊడింది. కొన్న రోజే సాకెట్ చుట్టూ గ్లూ గన్‌తో జిగురు వేసేయ్, టైప్ సీ రకం దొరికితే ఇంకా మంచిది.

ఇక బటన్లు. పదహారు ప్యాడ్లను నాలుగు వరసల్లో పెట్టడం 1988లో వచ్చిన అకాయ్ ఎంపీసీ 60 అనే డ్రమ్ యంత్రంతో స్థిరపడిపోయింది. తర్వాత వచ్చిన మిడి ఫైటర్ అనే డీజే కంట్రోలర్ వాళ్ళు రబ్బరు ప్యాడ్లు తీసేసి వీడియో గేమ్ పార్లర్ బటన్లు పెట్టారు. ఆ గేమ్ బటన్లు దొరికితే కళ్ళు మూసుకుని కొను, 30 మిల్లీమీటర్ల బెజ్జం చేస్తే కూర్చుంటుంది, వేలికి టక్కుమని తెలుస్తుంది. దొరక్కపోతే మీ ఊరి ఎలక్ట్రికల్ షాపుకి వెళ్ళి ఎనిమిది స్విచ్‌లు పట్టే ప్లాస్టిక్ బోర్డు పెట్టె ఒకటి, ఎనిమిది కాలింగ్ బెల్ స్విచ్‌లు అడుగు. నవ్వకు, బెల్ స్విచ్ నొక్కినంతసేపే కలుస్తుంది, మనకి కావాల్సింది అదే, పైగా పెట్టెకి బెజ్జాలు కొట్టే పని తప్పుతుంది. స్ప్రింగ్ కాస్త బిగువు కాబట్టి గబగబా డప్పు వరసలు వాయించడానికి పనికిరాదు, హారన్‌కీ సైరన్‌కీ తీన్మార్ ఎత్తుకోవడానికీ బాగా పనికొస్తుంది. మామూలు లైటు స్విచ్ ఇచ్చేస్తారు, చూసి తీసుకో. ఇంకొక్క మాట, ఈ పెట్టెని గోడ కరెంటుకి ఎప్పుడూ కలపకూడదు, పెట్టె చూసి ఎవరైనా అలా కలిపేయగలరు కాబట్టి పైన పెద్దగా రాసిపెట్టు.

వైరింగ్ పది నిమిషాల పని. ప్రతి స్విచ్‌కి ఒక కాలు బోర్డులో ఒక పిన్నుకి, రెండో కాళ్ళన్నీ కలిపి గ్రౌండ్ (జీఎన్‌డీ అని రాసుండే) పిన్నుకి. ప్రోగ్రాంలో ఆ పిన్నుల్ని ఇన్‌పుట్ పుల్‌అప్‌గా (నొక్కనంతసేపు పిన్నుని ఒకటిగా నిలబెట్టే అమరిక) పెడితే విడిగా రెసిస్టర్లు అక్కర్లేదు. నొక్కితే పిన్ను సున్నా అవుతుంది, అప్పుడు నోట్ ఆన్ (నొక్కారన్న కబురు) పంపాలి, వదిలితే నోట్ ఆఫ్. పంపాక ఫ్లష్ అనే ఆజ్ఞ రాయడం మర్చిపోకు, అది లేకపోతే కబురు బోర్డులోనే ఆగిపోయి ఎక్కడ తప్పు చేశామా అని రాత్రంతా వెతుక్కుంటాం. అలాగే కేబుల్. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెట్టి, లైటు వెలుగుతోంది కానీ లాప్‌టాప్‌లో కనిపించడం లేదని నాకు ఉత్తరాలు రాసేవాళ్ళు చాలామంది.

లాప్‌టాప్‌లో మిక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్ (ఇంగ్లీషులో చివర మూడు ఎక్స్‌లతో రాస్తారు) ఉచితం. అందులో శాంపిలర్లకి (చిన్న శబ్దాలు మోగించే గళ్ళు) ఎనిమిది శబ్దాలు ఎక్కించి, కంట్రోలర్ లెర్నింగ్ తెరిచి, బటన్ నొక్కి చూపిస్తే అదే నేర్చుకుంటుంది. ప్లే బటన్‌కి జతచేస్తే రెండోసారి నొక్కినప్పుడు శబ్దం ఆగిపోతుంది, హారన్‌కి అది చిరాకు. క్యూ (శబ్దం మొదలయ్యే గుర్తు) నుంచి మొదలుపెట్టి వాయించే ఆజ్ఞకి జతచెయ్, అప్పుడు ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు మొదటినుంచి మోగుతుంది.

బోర్డు, బటన్లు, పెట్టె, వైరు కలిపి వెయ్యి దాటకూడదు, గేమ్ బటన్లు వేస్తే కాస్త దాటుతుంది.

ప్రశ్న: నేనూ ఇలాంటిదే కట్టాను. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు మోగుతోంది. ప్రోగ్రాంలో డిలే ఆజ్ఞ పెట్టాను, ఇప్పుడు మిగతా బటన్లు ఆలస్యంగా పలుకుతున్నాయి. (రాజమహేంద్రవరం)

జవాబు: స్విచ్ లోపలి రేకులు తగిలినప్పుడు బంతిలా ఎగురుతాయి, కొన్ని మిల్లీసెకన్లపాటు కలిసి విడిపోయి కలుస్తాయి. మనకి తెలియదు, చిప్‌కి తెలుస్తుంది. డిలే అంటే బోర్డు మొత్తాన్ని నిద్రపుచ్చడమే, తీసేయండి. మొదటి స్పర్శ తగలగానే నోట్ ఆన్ పంపేసి, ఆ సమయాన్ని ఒకచోట రాసుకుని, ఆ ఒక్క బటన్‌నే 10 మిల్లీసెకన్ల వరకు పట్టించుకోకండి. చాలామంది ముందు ఆగి తర్వాత పంపుతారు, అది వాయించేవాడికి నష్టం.

ప్రశ్న: బటన్ నొక్కాక శబ్దం కాస్త ఆగి వస్తోంది అన్నా. ఖరీదైన బోర్డు కొంటే పోతుందా?

జవాబు: పోదు, డబ్బు దండగ. ఆ జాప్యంలో బోర్డు వాటా చాలా తక్కువ. ముందు మీ హారన్ ఫైలుని ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి దగ్గరగా చూడండి, మొదట్లో కొంత నిశ్శబ్దం ఉంటుంది, అక్కడక్కడా దింపుకున్న ఎంపీ3ల్లో ఇది మామూలే. దాన్ని కత్తిరించి వేవ్ ఫైలుగా దాచుకోండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

తర్వాత సౌండ్ బఫర్, అంటే మోగించే ముందు లాప్‌టాప్ కూడబెట్టుకునే శబ్దం ముక్క. సెకనుకి 44,100 శాంపిళ్ళ (శబ్దపు కొలతల) రేటు దగ్గర బఫర్ 2,048 శాంపిళ్ళు ఉంటే అదొక్కటే 46 మిల్లీసెకన్లు, 256కి తగ్గిస్తే ఆరు కూడా ఉండదు. మరీ తగ్గిస్తే పాత లాప్‌టాప్‌లో చిటపటలు వస్తాయి, వచ్చిన చోట ఒక మెట్టు పైకెక్కండి. విండోస్‌లో ఏసియో డ్రైవర్ (తక్కువ జాప్యంతో శబ్దం పంపే సాఫ్ట్‌వేర్) వాడండి. ఇంట్లో బ్లూటూత్ స్పీకర్‌తో ప్రాక్టీస్ చేస్తున్నారా? అయితే పైవేవీ పనిచేయవు, వైరు పెట్టుకోండి.

ప్రశ్న: లాప్‌టాప్‌కి ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుంయ్‌మని మోత. ఎర్త్ పిన్ను తీసేస్తే ఆగింది, అలాగే వాడొచ్చా?

జవాబు: వద్దు, వెంటనే తిరిగి పెట్టండి. పందిట్లో ఇనుప స్టాండ్లు, తడి నేల, పక్కనే పిల్లలు, ఎర్త్ లేకుండా నడిపించడం ప్రాణాల మీదికి తెస్తుంది. లాప్‌టాప్ నుంచి మిక్సర్‌కి వెళ్ళే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బా పెట్టండి, లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తప్ప ఏమీ ఉండవు, మోత పోతుంది. అది కొనేదాకా ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడపండి.