జవాబు: కడప ఎండల్లోనూ అమ్మకు చలి ఎందుకు?

అమ్మగారి థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టక, చలి పుట్టించే థైరాయిడ్ లోపం తగ్గకపోవడమే కారణం అయ్యుండొచ్చు. మాత్ర మొదలుపెట్టి నెలలైనా, ఇంట్లో అందరూ ఉడికిపోతుంటే అమ్మగారు మాత్రం ఫ్యాన్ ఆపమంటున్నారని రాశారు. పొద్దున్నే కాఫీతో మాత్ర వేసుకుంటారని కూడా రాశారు. చాలామంది పట్టించుకోనిది ఆ కాఫీనే.

1. మాత్ర పరగడుపున, మంచినీళ్లతోనే. కాఫీ, టీ, టిఫిన్ కనీసం అరగంట, వీలైతే గంట తర్వాత. కాఫీ వెంటనే తాగితే మందు పేగుల్లోంచి రక్తంలోకి పూర్తిగా చేరదు. డోసు సరిపోయినా చలి తగ్గదు. లేవగానే కాఫీ పడాల్సిందే అంటే డాక్టర్‌ను అడిగి రాత్రికి మార్చండి: భోజనమైన మూడు గంటలకు, పడుకునే ముందు.

2. ఐరన్, క్యాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం.

3. ఇలా 6 నుంచి 8 వారాలు వాడాక టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్తపరీక్ష) చేయించండి. అంతకుముందే చేయిస్తే అసలు మార్పు తెలియదు. హిమోగ్లోబిన్ కూడా చూడమనండి, రక్తం తక్కువున్నా ఇలాగే చలేస్తుంది.

డోసు మీరే పెంచొద్దు. ఎక్కువైతే గుండెదడ, పైగా వేడి అసలు తట్టుకోలేరు.

ఒక్కటి దయచేసి గుర్తుంచుకోండి. పెద్దవయసులో చెమట, దాహం తగ్గుతాయి. చలిగా ఉందంటున్నా ఒళ్లు లోపల కాగిపోతుండొచ్చు. ఎండ 40 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో తలుపులు మూసి, ఫ్యాన్ ఆపి ఒంటరిగా వదలకండి. గాలి నేరుగా తగలకుండా మంచం జరపండి. మాట తడబడినా, మత్తుగా పడిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.