గోల్ఫ్ కార్ట్‌కి లైట్లు పెట్టిస్తుంటే 12 వోల్టులు ఎక్కణ్ణుంచి తీసుకోవాలి?

మీరు అడిగింది ఇది కదా: బండి 48 వోల్టులది, లోపల నాలుగు 12 వోల్టుల బ్యాటరీలు. బయట కొన్న హెడ్‌లైట్ల కిట్, ఇండికేటర్లతో సహా, చేతిలో ఉంది. 48 వోల్టులని 12కి దించే కన్వర్టర్ దండగ, ఒక బ్యాటరీ నుంచి వైరు లాగితే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

వద్దండి. లైట్లు వెలుగుతాయి, అది నిజమే. కానీ అసలుకే ఎసరు వస్తుంది. నేను సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న బండికి పాత ఓనరు అచ్చం ఇలాగే చేయించాడు. సీటు ఎత్తి మూతలు తీస్తే మూడు బ్యాటరీల్లో నీళ్లు ప్లేట్ల కిందికి దిగిపోయి ఉన్నాయి. లైట్లు తగిలించిన నాలుగోదాంట్లో మాత్రం నిండుగా ఉన్నాయి. అదే బాగున్నట్టు కనిపిస్తుంది కానీ, మల్టీమీటర్ పెడితే అన్నిటికన్నా తక్కువ చూపించింది అదే. ఛార్జర్‌కి నాలుగూ కలిపి ఒకటే లెక్క, ఏది ఎంత ఖాళీ అయిందో దానికి తెలియదు. వెనకబడినది నిండేలోపు మిగతా మూడూ ఓవర్‌ఛార్జ్ అయి నీళ్లు ఆవిరైపోతాయి. అలా ఒకటి ఆకలితో, మూడు అజీర్తితో పోతాయి. చివరికి సెట్టు మొత్తం మార్చాను. కన్వర్టర్ ఖర్చు దాని ముందు ఏ మూలకీ రాదు.

కన్వర్టర్ ఇన్‌పుట్ వైర్లు మొత్తం ప్యాక్‌కి రెండు చివరలా, అంటే మెయిన్ ప్లస్, మెయిన్ మైనస్‌లకి పోవాలి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు 48 ప్యాక్ 60 వోల్టుల దాకా పోవచ్చు కాబట్టి అంతవరకూ తట్టుకునేది కొనండి. హాలోజెన్ అయితే 55 వాట్ల బల్బులు రెండే దాదాపు 9 ఆంపియర్లు లాగేస్తాయి. ఎల్‌ఈడీకి అంత అక్కర్లేదు, అయినా హారన్ కూడా పెడతారు కదా, 20 ఆంపియర్లది తీసుకుంటే టెన్షన్ ఉండదు. ఫ్యూజు బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. కార్లలో వాడే మామూలు బ్లేడు ఫ్యూజులు చాలావరకు 32 వోల్టులవి. ఇక్కడ ఆ 60 వోల్టులకి మించిన రేటింగ్ ఉన్నది అడిగి తీసుకోండి. తాళం తీసేస్తే కన్వర్టర్ కూడా ఆగిపోయే రకం మేలు, లేకపోతే లైట్లు ఆర్పినా అది కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు టో/రన్ స్విచ్ (బండిని లాక్కెళ్లేటప్పుడు టో, నడిపేటప్పుడు రన్) టో వైపు పెట్టి, ప్యాక్ మెయిన్ మైనస్ కేబుల్ విప్పేయమనండి. చేతికి ఉంగరం, వాచీ వద్దు.

కార్లు చూసే మెకానిక్‌లు పొరబడే చోటు ఇంకోటుంది. కార్లో బాడీయే ఎర్త్, ఎక్కడ బోల్టుకి బిగించినా మైనస్ దొరుకుతుంది. ఎలక్ట్రిక్ గోల్ఫ్ కార్ట్‌లో ఛాసిస్‌ని అలా వాడకూడదు. ప్రతి లైటు మైనస్ వైరూ వెనక్కి కన్వర్టర్ దగ్గరికే రావాలి. పని అయ్యాక ఇండికేటర్ వేసి చూడండి. టిక్‌టిక్‌తో పాటు హెడ్‌లైట్లు కూడా లయగా మసకబారుతుంటే మైనస్ జాయింటు ఎక్కడో లూజుగా ఉన్నట్టే.

ఇండికేటర్ బ్లింక్ అవకుండా అలాగే వెలుగుతుంటే కిట్‌ని తిట్టకండి. ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించేది ఫ్లాషర్; పాత రకం ఫ్లాషర్ లోపలి పట్టీ వేడెక్కితేనే పనిచేస్తుంది, ఎల్‌ఈడీలు తీసుకునే కరెంటు దానికి చాలదు. ఎల్‌ఈడీలకి పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేస్తే సరిపోతుంది. వెనక ఒకే లైటు బ్రేకుకీ ఇండికేటర్‌కీ పనిచేసే కిట్ అయితే, బ్రేకు తొక్కి పట్టుకుని ఇండికేటర్ వేసి చూడటం మర్చిపోవద్దు. అప్పుడు ఆ వైపు లైటు బ్లింక్ కావాలి, రెండోది నిలకడగా వెలగాలి. రెండూ నిలకడగానే ఉంటే బ్రేకు వైరు ఇండికేటర్ స్విచ్ గుండా రాకుండా నేరుగా లైటుకి వెళ్లిందన్నమాట. చీకట్లో వెనక వచ్చేవాళ్లకి మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు.

లైట్ల కోసం బండి ముందు భాగం ప్లాస్టిక్ కోయడం గురించి అంత భయం అక్కర్లేదు. కిట్‌తో వచ్చిన టెంప్లేట్‌ని మాస్కింగ్ టేపు మీద గీసి, గీత లోపలికే కోయమనండి. మిగిలింది ఆకురాయితో అరగదీసుకోవచ్చు. జిగ్‌సా స్పీడు ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగి వెనకే మళ్లీ అతుక్కుపోతుంది. కోసే ముందే స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి, లైటు వెనక భాగానికి గానీ వైర్లకి గానీ చక్రం, రాడ్లు తగలవని చూసుకోండి. ఫోకస్ మాత్రం బండిలో మామూలుగా ఎక్కేవాళ్లంతా సీట్లో కూర్చున్నాకే సెట్ చేయించుకోండి. ఖాళీ బండికి సెట్ చేస్తే, వెనక బరువు పడగానే ముందు లేచి వెలుతురంతా ఎదుటివాళ్ల కళ్లలోకే కొడుతుంది.