రెండు వారాల అమెరికా ప్రోగ్రామ్‌కు సుకన్య సమృద్ధి డబ్బు తీయొచ్చా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నేను జడ్పీ హైస్కూల్లో టీచర్‌ని, మా వారికి చిన్న బట్టల షాపు. అమ్మాయి పదో తరగతి, బయాలజీ అంటే ప్రాణం. అమెరికాలో ఒక పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో వేసవిలో జరిగే రెండు వారాల ప్రీ-కాలేజ్ ప్రోగ్రామ్‌కు సెలెక్ట్ అయ్యిందని మెయిల్ వచ్చింది. ఫీజు 6,000 డాలర్లు. టికెట్లు, వీసా అన్నీ కలిపి ఎనిమిది లక్షలు దాటుతుందంటున్నారు. వచ్చే నెల అడ్వాన్స్ కట్టాలి. అమ్మాయి పేరున ఉన్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాలో 6 లక్షల 40 వేలు, బ్యాంకులో ఎఫ్‌డీ 3 లక్షలు ఉన్నాయి. సుకన్యలో సగం తీసి, మిగతాదానికి బంగారం కుదువ పెట్టి పంపొచ్చా? బాబు ఎనిమిదో తరగతి.

జవాబు: టీచర్ గారూ, పంపొద్దనే చెబుతాను. అమ్మాయికి ఆ అర్హత లేదని కాదు. ఆ మెయిల్‌ను ఇంకోసారి నిదానంగా చదవండి. ఇలాంటి ప్రోగ్రామ్‌లలో చాలావరకు ఫీజు కట్టగలిగిన, మార్కులు బాగున్న పిల్లలకు సీటు దొరకడం పెద్ద కష్టం కాదు. కొన్నింటిని యూనివర్సిటీయే నడుపుతుంది. కొన్నింటిలో బయటి కంపెనీ హాస్టల్ గదులు, క్లాసురూములు అద్దెకు తీసుకుని నడుపుతుంది. మీకు వచ్చింది ఏ రకమో యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్లో చూస్తే తెలిసిపోతుంది. యూనివర్సిటీయే నడిపినా, రెండు వారాలు అక్కడ ఉన్నంత మాత్రాన రేపు డిగ్రీ సీటుకు హామీ ఏమీ లేదు.

ఇక సుకన్య. చదువు కోసం అందులోంచి తీయాలంటే అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి, లేదా పదో తరగతి పాసవ్వాలి. మీ అడ్వాన్స్ గడువు ఫలితాలకంటే ముందే ఉంది, కాబట్టి ఆ దారి ఇప్పుడు మూసే ఉంది. ఫలితాలు వచ్చాక కూడా, గడిచిన మార్చి 31 నాటికి ఉన్న నిల్వలో సగం వరకే, అడ్మిషన్ కాగితమో ఫీజు రసీదో చూపితేనే ఇస్తారు. ఆ సగాన్ని డిగ్రీ కోసం ఉంచండి.

విద్యా రుణం దొరుకుతుందేమో అని కొందరు అడుగుతుంటారు. బ్యాంకులు వాటిని ఇంటర్ తర్వాతి కోర్సులకు ఇస్తాయి. పాత పన్ను విధానంలో ఆ వడ్డీకి దొరికే మినహాయింపు కూడా ఇంటర్ పాసయ్యాక చదివే చదువులకే. అంటే మీకు మిగిలేది బంగారమే. 5 లక్షలు తెచ్చి ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా, మన ఊరి లెక్కలో నూటికి ఎనభై పైసల పైన, నెలకు నాలుగు వేలకు పైగా పోతుంది. బంగారం వ్యాపారానికి పేరున్న ప్రొద్దుటూరులో ఉంటూ దాని విలువ నా నోట వినాల్సిన పని లేదు లెండి.

ఖర్చు కూడా ఎనిమిది దగ్గర ఆగుతుందని అనుకోకండి. గూగుల్‌లో కనిపించే డాలర్ రేటు బ్యాంకులో దొరకదు. వాళ్ల అమ్మకం రేటు ఎక్కువగా ఉంటుంది, దాని మీద ట్రాన్స్‌ఫర్ ఛార్జీలు. ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపే మొత్తం 10 లక్షలు దాటకపోతే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) కట్టక్కర్లేదు, కాబట్టి ఆ టెన్షన్ వద్దు. వీసా సంగతి వేరు. ఇంటర్వ్యూకు హైదరాబాద్ వెళ్లాలి, 185 డాలర్ల ఫీజు వీసా రాకపోయినా తిరిగి రాదు. క్లాసులు వారానికి 18 గంటలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే స్టూడెంట్ వీసా కావాలి, దానికి సెవిస్ ఫీజు (విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునేది) ఇంకో 350 డాలర్లు. కర్నూలు నుంచి ఒక తండ్రి నా దగ్గరికి ఆలస్యంగా వచ్చారు, కొడుకుకు వీసా రాలేదు, ముందు కట్టిన అడ్వాన్స్ కూడా రాలేదు.

ఇంకో చిక్కు ఎవరూ ముందే చెప్పరు. మన సెలవులు ఏప్రిల్, మే. వాళ్లవి జూన్ నుంచి ఆగస్టు. అమ్మాయి అక్కడ ఉన్నప్పుడు ఇక్కడ ఇంటర్ క్లాసులు నడుస్తుంటాయి.

ఒక్క పోలిక చెబుతాను. ఐఐటీలో ఏడాది ట్యూషన్ ఫీజు 2 లక్షలు, నాలుగేళ్లకు 8 లక్షలు. మీరు రెండు వారాలకు పెడదామనుకుంటున్నది అంతకు తక్కువ కాదు. అదే ఎఫ్‌డీలోని 3 లక్షలను కదపకుండా, వడ్డీకి కట్టాల్సిన ఆ నాలుగు వేలను నెలనెలా ఆర్‌డీలో వేసుకుంటూ పోతే, రెండేళ్లలో అసలే 96 వేలు.

అయినా వెళ్లాలన్నదే అమ్మాయి పట్టు అయితే, ఫీజు రాయితీ అడుగుతూ ఒక మెయిల్ రాయించండి. యేల్ యూనివర్సిటీ యంగ్ గ్లోబల్ స్కాలర్స్ లాంటివి కుటుంబ ఆదాయాన్ని బట్టి విదేశీ విద్యార్థులకూ సాయం ఇస్తాయి. ఖర్చులో ముప్పావు వంతు వాళ్లు భరిస్తామంటే మళ్లీ మాట్లాడుకుందాం. లేదంటే బయాలజీ ఒలింపియాడ్ ఉంది. నవంబర్‌లో జరిగే మొదటి దశ పరీక్ష ఫీజు వందల్లోనే. పై దశలు దాటిన పిల్లలకు ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రంలో శిక్షణ శిబిరం ఉంటుంది. అక్కడికి చేరితే అది నిజంగా సెలెక్షన్.

బాబు విషయం మీరు అడగలేదు గానీ చెబుతాను. ఇస్రో 2019లో మొదలుపెట్టిన యువికా అనే వేసవి కార్యక్రమం తొమ్మిదో తరగతి పిల్లలకు. రెండు వారాలు, ప్రయాణం, బస, భోజనం అంతా ఇస్రోదే. ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులు లెక్కలోకి వస్తాయి, పంచాయతీ పరిధిలోని స్కూల్లో చదివితే అదనపు వెయిటేజీ కూడా ఉంది. వచ్చే జనవరి 1 నాటికి బాబు తొమ్మిదిలో ఉంటాడు. జనవరి నుంచే ఇస్రో వెబ్‌సైట్ మీద ఒక కన్ను వేసి ఉంచండి.