టికెట్ నాకా, మా ఆయనకా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు. వయసు 39. చాలా ఏళ్లుగా పార్టీ మహిళా విభాగంలో పనిచేస్తున్నాను. మా డివిజన్ మహిళలకు వస్తే కార్పొరేటర్ టికెట్ అడగాలనుంది. మా వారిది రియల్ ఎస్టేట్ వ్యాపారం. ఆయన వద్దనడం లేదు. కానీ నాయకుల దగ్గరికి తానే వెళ్తారు, నాకొచ్చే ఫోన్లూ తానే మాట్లాడతారు. ‘నువ్వు సంతకం పెడితే చాలు’ అంటారు. గట్టిగా మాట్లాడితే ఇంట్లో గొడవ, టికెట్టూ పోతుందని టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: మీ వారు తాను సాయమే చేస్తున్నాననుకుంటున్నారు. అందుకే ఈ చిక్కు. నాయకుల ముందు ఆయన కూర్చుంటే వాళ్లు చూసేది ఆయన జేబునే. రేపు ఇంకా పెద్ద జేబుతో మరొకరి భర్త వస్తే మీ పేరు ఎగిరిపోతుంది. మీ పని గురించి అక్కడ ఎవరూ చెప్పి ఉండరు కదా.

2020 గ్రేటర్ ఎన్నికల్లో 150 డివిజన్లలో సగం మహిళలకే ఇచ్చారు. కోటా వల్ల సీటు వస్తుంది గానీ కుర్చీ ఎవరిదో తేలదు. ‘కార్పొరేటర్ గారున్నారా’ అని అడిగితే ‘సార్ బయటికెళ్లారు’ అనే జవాబు మన నగరంలో మామూలే. కోటా ఇంకా అమల్లోకి రాని చోట పరిస్థితి మరీ కష్టం. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో 119 స్థానాలకు గెలిచిన మహిళలు పదిమందే.

కాబట్టి దరఖాస్తు మీ పేరుతో, మీ చేతులతో ఇవ్వండి. ఎమ్మెల్యేనో నియోజకవర్గ ఇన్‌ఛార్జినో కలవడానికి మీరే వెళ్లండి. ఒంటరిగా వద్దు, మీతో పనిచేసిన బస్తీ కమిటీ వాళ్లను, పొదుపు సంఘం మహిళలను వెంట తీసుకెళ్లండి. ఏ బూత్‌లో మీకు మనుషులున్నారో, కొత్త ఓటర్లను ఎంతమందిని చేర్పించారో కాగితం మీద పెట్టండి. పార్టీలు సర్వే చేయిస్తాయి. అడిగినప్పుడు కాలనీ వాళ్ల నోట మీ పేరు రావాలి, ‘ఫలానా ఆయన భార్య’ అని కాదు. రిజర్వేషన్లు ప్రకటించే దాకా ఆగకండి. డివిజన్ జనరల్ అయినా మహిళ పోటీ చేయవచ్చు, ఆ మాట నాయకుల చెవిన ముందే వేయండి.

మీ వారితో నాయకుల ముందు కాదు, ఇంట్లో మాట్లాడండి. ‘మీరు తప్పుకోండి’ అంటే ఆయనకు అవమానంగా ఉంటుంది. పని పంచండి: బూత్ ఏజెంట్లు, వాహనాలు, లెక్కలు ఆయనకు. ఫోన్, వేదిక, నాయకులతో మాటలు మీకు. రెండు మూడు సార్లు గొడవ అవుతుంది, అవనివ్వండి. గెలిచాక మొదలుపెట్టే గొడవ కంటే ఇది చిన్నదే.

డబ్బు సంగతి ముందే తేల్చుకోండి. 2020లో కార్పొరేటర్ అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షలు. ఆ గీత దగ్గర ఆగేవాళ్లు తక్కువని మీకూ తెలుసు. మీ ఇద్దరూ ఒప్పుకున్న అంకె రాసుకోండి. ఫ్లాటు, బంగారం తాకట్టు పెట్టాలని ఎవరు సలహా ఇచ్చినా వద్దనండి.

ఇక బీ ఫారం, అంటే తమ అభ్యర్థి మీరేనని పార్టీ ఇచ్చే పత్రం. కార్పొరేషన్ ఎన్నికల్లో ఉపసంహరణ గడువు రోజు దాకా అది చేతులు మారుతూనే ఉంటుంది. జాబితాలో పేరు లేదని ఆ రాత్రే రెబల్‌గా ప్రకటన ఇవ్వకండి, పేరు ఉందని మిఠాయిలూ పంచకండి. నామినేషన్ వేసి, ఫారం రిటర్నింగ్ అధికారికి చేరే దాకా వెంటపడండి. ఆ పనికి కూడా మీరే వెళ్లండి.