అరిగిపోయిన బ్యాండు నంబరు – సమాధానం

మీరు వేటాడిన కెనడా గూస్ (ఒక రకం పెద్ద అడవి బాతు) కాలి బ్యాండు, అంటే పక్షిని గుర్తుపట్టి దాని వివరాలు నమోదు చేయడానికి తొడిగే నంబరున్న లోహపు కడియం, దాని మీద చివరి రెండంకెలు కనిపించడం లేదు, గరుకు కాగితంతో రుద్దమంటారా అని అడిగారు. దయచేసి రుద్దకండి. అల్యూమినియం మెత్తటి లోహం. ఇసుక, బురద, ఉప్పునీళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి అరగదీస్తాయి. మిగిలిన కాస్త గాడి కూడా రుద్దితే పోతుంది. బ్యాండును సాగదీసి చదును చేసినా పలచబడ్డచోట విరుగుతుంది.

గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెత్తటి టూత్‌బ్రష్‌తో మురికి తీయండి. చీకటి గదిలో టార్చి వెలుగు దాదాపు అడ్డంగా పడేలా పట్టుకుని, బ్యాండును కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోటోలు తీయండి. పైనుంచి పడే వెలుగులో కనపడని గాడి నీడగా తేలుతుంది. పలచటి కాగితం చుట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్ది కూడా చూడండి.

మొదట 3 లేక 4 అంకెలు, తర్వాత 5 అంకెలు ఉండాలి. 3కీ 8కీ తేడా తెలియకపోతే ఊహించి నింపకండి. ఒక్క అంకె తప్పితే ఇంకో పక్షి చరిత్ర పాడవుతుంది. అది నిజంగా నష్టం.

అప్పటికీ తేలకపోతే అమెరికా ప్రభుత్వ బర్డ్ బ్యాండింగ్ ల్యాబొరేటరీని సంప్రదించండి. అంకె అచ్చువేసినప్పుడు దాని అడుగున లోహం నొక్కుకుపోతుంది, అందుకే రసాయనం పూస్తే అరిగిన అంకె మళ్ళీ బయటపడే అవకాశముంది. బ్యాండును వాళ్ళకు పంపేటప్పుడు, అది మీ దగ్గరే ఉంచుకోవచ్చు కాబట్టి తిరిగి పంపమని ఉత్తరంలో రాయండి. వేటాడిన తేదీ, దగ్గరి ఊరు ఇప్పుడే రాసిపెట్టుకోండి. నంబరు తేలాక బ్యాండు వివరాలు తెలియజేసే రిపోర్ట్‌బ్యాండ్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో అవీ అడుగుతారు.