ఏటవాలు డ్రైవ్‌వేలో మంచు తీయడానికి ఏ ట్రాక్టర్ కొనాలి?

మీరు అడిగింది ఇదీ: దాదాపు 70 మీటర్ల కంకర డ్రైవ్‌వే, బాగా ఏటవాలు. గడ్డి కోసే లాన్ ట్రాక్టర్‌కి ముందు బ్లేడ్ తగిలించుకుంటే మంచు తీయడానికి సరిపోతుందా, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న చిన్న ట్రాక్టరే కొనాలా? కొంటే ఎన్ని హార్స్‌పవర్‌ది? మాదీ ఇంచుమించు అలాంటి దారే, పైగా మధ్యలో ఒక మలుపు ఉంది. చాలా చలికాలాలుగా చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌తో నేనే తీసుకుంటున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

హార్స్‌పవర్ సంగతి చివర్లో చూద్దాం. వాలు మీద మంచు తీసేటప్పుడు ఇంజన్ శక్తి చాలక ట్రాక్టర్ ఆగిపోవడం చాలా అరుదు. టైర్లకి పట్టు దొరక్కే ఆగిపోతుంది. ఎక్కేటప్పుడు పట్టు పోతే చక్రాలు గిర్రున తిరుగుతాయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకోసారి ప్రయత్నిస్తారు. దిగేటప్పుడు పట్టు పోతే బండి ఎటు పోతుందో మీ చేతిలో ఉండదు. అందుకని ట్రాక్టర్‌ని దిగుడు కోసం ఎంచుకోండి. దిగేటప్పుడు నమ్మకంగా ఆగే బండి ఎక్కడానికి పెద్దగా ఇబ్బంది పెట్టదు.

ముందు వాలు కొలవండి. కంటి అంచనా పనికిరాదు. మీటరు పొడవున్న తిన్నని చెక్క తీసుకుని ఒక కొన నేలకి ఆనించి, పైన స్పిరిట్ లెవల్ పెట్టి సమంగా పట్టుకోండి. రెండో కొన నుంచి కింద నేల దాకా 15 సెంటీమీటర్లు ఉంటే వాలు 15 శాతం, అంటే సుమారు 8.5 డిగ్రీలు. 20 శాతమైతే 11 డిగ్రీల పైచిలుకు. దారి మొత్తానికి సగటు తీయకండి, అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోట కొలవండి. జారేది అక్కడే.

ఆ అంకె ఎందుకంటే, అణిగి గట్టిపడిన మంచు మీద మామూలు టైరుకి దొరికే పట్టు, ఆ టైరు మీద పడే బరువులో సుమారు ఐదో వంతు. ఐస్ మీద పదో వంతు, లేదా అంతకన్నా తక్కువ. సున్నా డిగ్రీల దగ్గర పైన నీటిపొర ఉన్న ఐస్, బాగా చలిలో ఉన్న ఐస్ కన్నా ఎక్కువ జారుతుంది. ఇప్పుడు టూ వీల్ డ్రైవ్ లాన్ ట్రాక్టర్ చూడండి. దాని బరువులో 60 శాతం వెనక చక్రాల మీద ఉందనుకుందాం. అణిగిన మంచు మీద ఆ రెండు చక్రాలతో అది ఎక్కగలిగేది సుమారు 12 శాతం వాలు. అది కూడా తన బరువు తాను లాక్కోవడానికే, ముందున్న మంచుని తోయడానికి ఏమీ మిగలదు. నాలుగు చక్రాలూ తిరిగితే అదే మంచు మీద 20 శాతం దాకా పోవచ్చు. ఐస్ మీదైతే ఫోర్ వీల్ డ్రైవ్ కూడా 10 శాతం దగ్గర చేతులెత్తేస్తుంది. లాన్ ట్రాక్టర్ల మాన్యువల్స్‌లో 15 డిగ్రీల వాలు దాకా వాడొచ్చని సాధారణంగా ఉంటుంది. అది గడ్డి కోయడానికి చెప్పిన హద్దు, మంచుకి వర్తించదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకి నా జవాబు: నిటారు చోట వాలు 7, 8 శాతం లోపల ఉండి, ఒక్కోసారి జానెడు లోపే మంచు పడుతుంటే, వెనక చక్రాలకి చైన్లు (పట్టు కోసం టైరు చుట్టూ బిగించే ఇనుప గొలుసులు), బరువులు తగిలించిన లాన్ ట్రాక్టర్‌తో నెట్టుకురావచ్చు. అంతకు మించితే వద్దు. అది 200, 250 కిలోల బండి. దాని ట్రాన్స్‌మిషన్ గడ్డి కోయడానికి చేసినది, వాలులో మంచుని తోస్తూ ఉంటే తొందరగా అరిగిపోతుంది. మీ వర్ణన బట్టి చూస్తే మీకు కావలసింది సబ్‌కాంపాక్ట్ అనే చిన్న ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్. సాధారణంగా 20 నుంచి 25 హార్స్‌పవర్, 600 నుంచి 750 కిలోల బరువు. కుబోటా, జాన్ డీర్, మహీంద్రా, అందరూ ఈ సైజులో చేస్తారు. కంపెనీ పేరు కన్నా, మంచు కురుస్తున్న వారంలో పాడైతే విడిభాగం తెచ్చిచ్చే డీలర్ దగ్గర్లో ఉన్నాడా అన్నది చూసుకోండి.

ఇప్పుడు షోరూంలో ఎవరూ చెప్పని విషయం. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. దిగుడులో బరువు ముందుకి వాలుతుంది, వెనక చక్రాలు తేలికపడతాయి. ముందు తగిలించే బకెట్‌లో (మంచు ఎత్తే ఇనుప తొట్టిలో) మంచు నిండి ఉంటే ఇంకా తేలికపడతాయి. అంటే బ్రేకు ఉన్న చక్రాల మీద బరువు లేదు, బరువున్న చక్రాలకి బ్రేకు లేదు. ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా గేర్ల ద్వారా వెనక చక్రాలతో కలిసిపోతాయి కాబట్టి నాలుగూ కలిసి బండిని పట్టి ఉంచుతాయి. అందుకే వాలు మీద ఫోర్ వీల్ డ్రైవ్ తీయకూడదు, ఏ బరువూ లేకుండా కిందికి వస్తున్నా సరే. మా ఇంట్లో ఇంకెవరు ట్రాక్టర్ ఎక్కినా నేను మొదట చెప్పే మాట ఇదే.

ట్రాన్స్‌మిషన్ హైడ్రోస్టాటిక్‌ది తీసుకోండి. పెడల్ మీద కాలు తేలిక చేస్తే బండి దానంతట అదే నెమ్మదిస్తుంది. ముందుకీ వెనక్కీ మాటిమాటికీ మారే మంచు పనిలో క్లచ్ తొక్కే బాధ ఉండదు. వాలు మొదలవకముందే లో రేంజ్‌లో (నెమ్మదిగా నడిచే గేర్లలో) పెట్టుకోండి. వాలు మధ్యలో రేంజ్ మార్చొద్దు, మారే ఆ కాస్త సేపు బండి న్యూట్రల్‌లో ఉంటుంది, కిందికి దొర్లిపోతుంది. డిఫరెన్షియల్ లాక్‌ని (రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా కలిపేదాన్ని) తిన్నగా ఎక్కేటప్పుడు మాత్రమే వాడండి. మలుపులో వేస్తే బండి తిరగకుండా పక్కకి జారుతుంది. ఎప్పుడైనా కిందికి జారడం మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకుండా బకెట్‌నో బ్లేడ్‌నో నేలకి దించేయండి, అది నేలని పట్టుకుంటుంది. దిగేటప్పుడు బకెట్ ఎప్పుడూ నేలకి జానెడెత్తులోనే ఉండాలని చెప్పేది ఇందుకే.

టైర్ల దగ్గర చాలామంది తికమకపడతారు. పెద్ద గాడులున్న వ్యవసాయ టైర్లు లోతైన మంచులో, బురదలో బాగుంటాయి. పచ్చిక టైర్లకి చిన్న చిన్న అంచులు ఎక్కువ కాబట్టి అణిగిన మంచు మీద ఊహించిన దానికన్నా బాగా పనిచేస్తాయి. లోడర్‌తో (ముందు బకెట్‌ని ఎత్తే చేతులతో) వచ్చే బండ్లకి ఎక్కువగా ఉండే ఇండస్ట్రియల్ టైర్లు (ఆర్4 అంటారు) గట్టివే గానీ ఐస్ మీద బాగా జారతాయి. ఏ టైరైనా మీ వాలుకి చైన్లు తప్పవు. నిచ్చెన మెట్లలా అడ్డంగా మాత్రమే ఉండే చైన్లు ముందుకి లాగడానికి బాగుంటాయి, పక్కకి జారడాన్ని పెద్దగా ఆపవు. మలుపున్న దారికి వజ్రం ఆకారంలో అల్లినవి తీసుకోండి. ఖరీదెక్కువే, కానీ పక్క జారుడు తగ్గేది వాటితోనే. కొనే ముందు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య చైను పట్టే ఖాళీ ఉందో లేదో చూడండి, లేకపోతే చక్రాన్ని కాస్త బయటికి జరిపే వీల్ స్పేసర్లు వేయించాలి. ఒక జతే కొనగలిగితే వెనక చక్రాలకి, ఎందుకంటే బ్రేకులు ఉన్నవి అవే.

తర్వాతది బరువు. ముందు బకెట్ తగిలిస్తే వెనక సరిపడా బరువు ఉండి తీరాలి. టైర్లలో ద్రవం నింపించడం చవకైన పద్ధతి. మామూలు నీళ్ళు గడ్డకడతాయి. కాల్షియం క్లోరైడ్ ద్రావణం గడ్డకట్టదు, బరువూ ఎక్కువే, కానీ లీకైతే రిమ్ తుప్పుపడుతుంది. బీట్ రసంతో చేసిన ద్రవం తుప్పు పట్టించదు. దీనితోపాటు వెనక త్రీ పాయింట్ హిచ్‌కి (పనిముట్లు తగిలించే మూడు కొక్కేల అమరికకి) ఏదో ఒక బరువైన పనిముట్టు తగిలించి ఉంచితే వెనక చక్రాలు నేలని బాగా అంటిపెట్టుకుంటాయి.

ఇక పనిముట్టు. 70 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు దారి మీద 20 సెంటీమీటర్ల మంచు పడితే 42 ఘనపు మీటర్లు. కొత్త పొడి మంచు ఘనపు మీటరు 100 కిలోల దాకా ఉంటుంది కాబట్టి నాలుగు టన్నుల పైన. తడిసి అణిగిందైతే 300 కిలోలు కూడా ఉంటుంది, అప్పుడు 12 టన్నులు దాటుతుంది. ఇదంతా ఎక్కడికి పోవాలి అన్నది ముందే ఆలోచించండి. బ్లేడ్ వేగంగా పనిచేస్తుంది, పై నుంచి కిందికి తోసుకుపోవచ్చు, కానీ కింద చోటు కావాలి. మంచుని రోడ్డు మీదికి తోయడం చాలాచోట్ల నేరం, అది ఎక్కడైనా ప్రమాదమే. చలికాలం సాగేకొద్దీ పక్క గట్లు గడ్డకట్టి దారి ఇరుకైపోతుంది. అందుకని మొదటి మంచుకే అవసరం కన్నా వెడల్పుగా తీసిపెట్టాలి.

స్నో బ్లోయర్‌కి ఆ బాధ లేదు, మంచుని దూరంగా విసిరేస్తుంది. ముందు తగిలించేది సౌకర్యం, ఖరీదు. వెనక పీటీవోకి (ఇంజన్ శక్తిని పనిముట్టుకి అందించే తిరిగే ఇరుసుకి) తగిలించేది చవక, దృఢం, కానీ వెనక్కి నడుపుతూ మెడ తిప్పి చూస్తూ ఉండాలి, మెడ నొప్పి ఖాయం. నేను వెనక బ్లోయర్, ముందు బకెట్ పెట్టుకున్నాను. బ్లోయర్ బరువు ఎలాగూ వెనకే ఉంటుంది, బకెట్‌తో కింద పోగుపడిన గట్టి కుప్పలు ఎత్తుతాను. కొనేది ఏదైనా దాని వెడల్పు మీ వెనక టైర్ల వెడల్పు కన్నా తక్కువ కాకూడదు, లేకపోతే టైర్లు మంచుని తొక్కి ఐస్ చేస్తాయి. మీది కంకర దారి కాబట్టి పనిముట్టు అంచు నేలకి కాస్త పైన ఉండేలా దాని కింద ఆనే స్కిడ్ షూలు (ఇనుప పాదాలు) కిందికి దించుకుని మొదటి పొర మంచుని అలాగే వదిలేయండి. అది గడ్డకట్టాక మంచి నేల అవుతుంది, రాళ్ళు కూడా ఎగరవు. పట్టు కోసం దాని మీద ఇసుక చల్లండి. మామూలు ఉప్పు మైనస్ 9, 10 డిగ్రీల కింద సరిగా పనిచేయదు.

హార్స్‌పవర్ విషయానికొస్తే, నాలుగైదు అడుగుల బ్లోయర్‌కి 20 నుంచి 25 చాలు. ఇంజన్ అంకె కాకుండా పీటీవో దగ్గర ఎంత వస్తుందో అడగండి, బ్లోయర్‌ని తిప్పేది అదే. డబ్బు మిగిలితే పెద్ద ఇంజన్‌కి పెట్టకుండా చైన్లకీ బరువుకీ పెట్టండి. ఇంకా మిగిలితే క్యాబిన్‌కి. ఎదురుగాలిలో బ్లోయర్ విసిరిన మంచు మొహాన కొడుతుంటే దారి కనపడదు. క్యాబిన్ తీసుకుంటే షెడ్డు తలుపు ఎత్తు కొలుచుకోండి.

డీజిల్ బండి కాబట్టి చలి పెరగకముందే వింటర్ డీజిల్ నింపాలి, మామూలుది చలికి మైనం కట్టి ఫిల్టర్‌ని మూసేస్తుంది. ఇంజన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ పెట్టించుకుంటే పొద్దున్నే టెన్షన్ ఉండదు.

బోల్తా పడినా కాపాడే రోల్ బార్‌ని ఎప్పుడూ నిలబెట్టి, సీటు బెల్టు పెట్టుకుని నడపండి. షెడ్డులోకి వెళ్ళడానికి బార్ మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు. బ్లోయర్ గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, తిరిగేవన్నీ నిలిచాక, కర్రతోనే తీయండి. ఆగి ఉన్నా బిగుసుకున్న మర ఒక్కసారిగా విడివడి తిరుగుతుంది. చెయ్యి అస్సలు పెట్టొద్దు. ఈ ఒక్క విషయంలో మీ ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి.

నిటారు చోట వాలు ఎంత శాతం వచ్చిందో, కింద మంచు పోగేయడానికి చోటుందో, మలుపు ఉందో లేదో రాయండి. వాటిని బట్టి బ్లేడా బ్లోయరా అన్నది చెప్పగలను.